వంగవలసిన మోకాలు

మన యిండ్లలో మోకాలికి ఉన్నంత పని మరి యే యవయవమునకును లేదు. దానికి జరుగునంత యనాదరమును మరి దేనికిని జరుగదు. కన్ను మసకబారినచో కంటివైద్యుని యొద్దకు పోవుదుము. పన్ను నొచ్చినచో ఆ రాత్రి యింటిల్లిపాదియు మేలుకొనును. మోకాలు నొచ్చినచో మాత్రము "వయసు మీరినది గదా" యని యొక మాట యనుకొని, ఆ మాటనే మందుగా పదియేండ్లు వాడుచుందుము. వాకిట ముగ్గు పెట్టుటకును, కత్తిపీట ముందర కూర్చుండి కూరలు తరుగుటకును, అంట్లు తోముటకును, దేవుని యెదుట మఠము వేసికొని కూర్చుండుటకును మోకాలే వంగవలెను. ఈ పనులలో నెక్కువపాలు స్త్రీలకు వచ్చినవి. కీళ్లరుగుదల వలని మోకాటి బాధయు స్త్రీలలోనే హెచ్చు. కావున మోకాలినిగూర్చి వ్రాయబూనినపుడు గృహమునుగూర్చి వ్రాయక తప్పదు.

ఇపుడు శస్త్రవైద్యము మన కొక మంచి యుపాయమును చూపినది. మందులకు లొంగనంతగా అరిగిన మోకాటిని మార్పించుకొనవచ్చును. మార్పిడి యను మాట విని, పాత మోకాలంతయు తీసివైచి క్రొత్తది తగిలింతురని పలువురు భ్రమపడుదురు. అట్లు కాదు. తొడయెముక చివరను, దాని క్రింది యెముక పైభాగమును కొలదిమందమున చెక్కి, వానికి లోహపు తొడుగు లమర్చి, నడుమ గట్టి పాలిథిలీను పలక నొకదానిని నిలుపుదురు. కొందరికి మోకాటిచిప్ప వెనుకను గూడ ప్లాస్టిక్కు బిళ్ల నమర్తురు. పైనున్న కండరములును, చర్మమును, ఇరుప్రక్కల పట్టియుంచు కట్లును పూర్వము మనకున్నవే. లోహము క్రొత్తది, దానిని కదల్పవలసిన మాంసము పాతది. ఈ భేదమును తెలిసికొన్నవారికి తరువాత చెప్పబోవు సంగతులు సులభముగా బోధపడును.

ఈ విద్య యొక్కనాట పుట్టినది కాదు. 1890లో బెర్లిను నగరమున గ్లుక్ అను వైద్యుడు దంతముతో మోకాటి కీలు చేసి యమర్చి చూచెను, అది నిలువలేదు. 1968లో ఇంగ్లండున గన్‌స్టన్ అను నాతడు లోహమును ప్లాస్టిక్కును కలిపి మోకాటి సహజగతిని పోలిన కీలు కల్పించెను. అటుపిమ్మట 1970 దశకమున న్యూయార్కులో ఇన్‌సాల్ మొదలగువారు రూపొందించిన కీలే నేటి కీళ్లకు చాలవరకు మాతృక. మనదేశమున 2017 ఆగస్టులో ప్రభుత్వము మోకాటి సామగ్రి ధరలకు హద్దు లేర్పరచి, సాధారణముగా వాడు కోబాల్టు క్రోమియము రకమునకు, పన్నుగాక, 54,720 రూపాయలు మించరాదని శాసించెను. సామగ్రి వెల తగ్గినను, ఆసుపత్రి వ్యయములన్నియు కలిసి నేటికిని మధ్యతరగతి కుటుంబమునకు బరువే. ఐనను తల్లికొరకో తండ్రికొరకో ఆ బరువు నెత్తికెత్తుకొనువారు మన ఊళ్లలో ననేకులు కలరు. అది మెచ్చదగినదే.

మా కుడిమోకాలికి ఈ చికిత్స జరిగి రెండేండ్లయినది. శస్త్రవైద్యుడు తన పనిని రెండుగంటల లోపల ముగించెను. మా పని ముగియుటకు సంవత్సరము పట్టినది. ఈ రెండవపనినిగూర్చి మాకు ముందుగా చెప్పినవారు తక్కువ. ఆసుపత్రికి పోవుటకు పూర్వము పలుకరింప వచ్చిన బంధువులందరును వ్యయ మెంత, కోత యెంత, ఎన్నిదినము లుండవలెనని యడిగిరి గాని, "మోకాలు వంచుటకు మీకు వేళ కలదా?" యని యొక్కరును అడుగలేదు. నిజమున కడుగవలసిన ప్రశ్న యదియే.

మోకాలి వంపును డిగ్రీలలో కొలుతురు. కాలు తిన్నగా చాచియున్నపుడు అది సున్న. అచ్చటినుండి మడమ పిరుదుల దిక్కునకు వచ్చుకొలదియు లెక్క పెరుగును. ఆరోగ్యముగల మోకాలు 135 డిగ్రీలు మొదలు 140 దాక వంగును. సమతలముపై నడచుటకు 60 మొదలు 70 డిగ్రీలు చాలును. మెట్లెక్కుటకు 80 దాటవలెను. మెట్లు దిగుటకును, కుర్చీనుండి యితరుల చేయూత లేక లేచుటకును 90 మొదలు 100 దాక కావలెను. మఠము వేసికొనుటకును, గొంతుకూర్చుండుటకును అంతకంటె చాల హెచ్చు వంపు కావలెను. మార్పిడి జరిగిన మోకాలు సాధారణముగా 100 మొదలు 120 డిగ్రీల వరకు వచ్చి నిలుచును. శస్త్రమునకు పూర్వమెంత వంగుచుండెనో దానినిబట్టియే తరువాతి వంపును చాలవరకు నుండును. కాబట్టి "ఇంకను కొన్నాళ్లు చూతము" అని, కాలు కొయ్యబారువరకు ఆగువారు తమ ఫలమును తామే తగ్గించుకొనుచున్నారు.

ఈ యంకెలను ఉట్టి యంకెలని త్రోసివేయరాదు. 70 డిగ్రీలతో నాగిపోయిన మనుష్యుడు వరండాలో నటునిటు నడువగలడు; కాని మరుగుదొడ్డినుండి లేచుటకు ఒకరిని పిలువవలెను. 100 వచ్చినచో పిలువనక్కరలేదు. ఆ ముప్పది డిగ్రీల నడుమ ఒక మనుష్యుని మానమంతయు నున్నది.

శస్త్రము జరిగిన మరునాడు మా మోకాలు 50 డిగ్రీలు వంగినది. ఇంటికి వచ్చునాటికి 70, ఆరవవారమున 95, మూడవనెల ముగియునప్పటికి 108, సంవత్సరాంతమున 118. ఈ లెక్క చదువుటకు సులభముగా నున్నది. నాల్గవవారమున పదిదినములపాటు అది 84 వద్దనే నిలిచిపోయినపుడు, ఇక నింతే కాబోలునని మేము మిక్కిలి దిగులుపడితిమి. వాపు కొంత తీసిన పిమ్మట పదునొకండవ దినమున నది తానే కదలినది.

మోకాలు ఏల మొరాయించును? దీనికి ముఖ్యముగా మూడు కారణములు కలవు. మొదటిది వాపు. నీటితో నిండి బిగిసిన తోలుతిత్తిని మడువజాలనట్లే, లోపల నీరుచేరిన కీలును వంపజాలము. రెండవది మానుచున్న గాయము. కోసినచోట శరీరము క్రొత్తపొర నల్లును. తొలివారములలో దినదినమును కదల్చుచున్నచో ఆ పొర సాగుడు గలిగి పెరుగును; కదలింపనిచో కురచయై, అతుకుకొని, బిగిసిపోవును. మూడవది భయము. నొప్పి రాబోవుచున్నదని తోచినంతనే తొడకండరములు తమంత బిగిసికొనును. మేము వంపవలెనని యత్నించుచుండగా మా కండరములే మాకు ఎదురు నిలుచుచుండెను. ఈ మూడింటిలో నేదియు మొండిబలమునకు లొంగదు. మూడును ఓర్పుతోకూడిన ప్రతిదిన సాధనకే లొంగును.

ఆ సాధన యెట్టిదో వివరింతుము. వెల్లకిల పరుండి, మడమను పరుపుమీదనే మెల్లగా పిరుదులవైపునకు జరుపుకొని, అచ్చట కొన్నిక్షణములు నిలిపి, తిరిగి చాచుట యొకటి. మంచపుటంచున కూర్చుండి, కాలు వ్రేలాడవిడిచి, రెండవ పాదముతో దానిని వెనుకకు నెట్టుట యింకొకటి. మడమక్రింద చుట్టిన తువాలు నుంచి, మోకాలిని పరుపుదిక్కునకు అదుముట మరియొకటి. ఇది కాలు చాగుటకు. కాలు పూర్తిగా చాగనిచో ఎంత వంగినను కుంటు మిగులును. వీనితోపాటు తిన్నని కాలును పైకెత్తుట, చీలమండను ఆడించుట మొదలగునవి కలవు. వైద్యుడు వ్రాసిన నొప్పిమాత్ర వేసికొని అరగంట తాళి మొదలిడవలెను. ముగిసినపిదప గుడ్డలో చుట్టిన మంచును మోకాలిపై కొంతసేపుంచి, కాలెత్తుగా పెట్టుకొని విశ్రమింపవలెను. ఇది యంతయు కలిసి పూటకు సుమారు 40 నిమిషములు, దినమునకు మూడుపూటలు. అనగా 2 గంటలు. ఎవరి మోకాలికెంత తగునో వారి వైద్యుడును, ఫిజియోథెరపిస్టును చెప్పవలసినదే. మేము మాకు జరిగినదానిని చెప్పితిమి.

ప్రేమచేత చేయు కీడులు రెండు కలవు. మొదటిది దిండు. కాలు నొచ్చుచున్నదనగానే ఎవరో యొకరు పరుగున వచ్చి మోకాలి క్రింద మెత్తని దిండు నుంతురు. హాయిగానే యుండును; కాని మోకాలు సగము వంగిన స్థితిలోనే బిగిసికొనుట నేర్చుకొనును. దిండు పెట్టదలచినచో మడమక్రింద పెట్టవలెను. రెండవది "కదలకు, మేమున్నాము గదా" యను మాట. మాటలో ప్రేమయున్నది, మోకాలికి మాత్ర మది విషము. ఇవిగాక, పచ్చిగాయముమీద నూనెరాచి బలముగా వంచెదమని వచ్చువారును కలరు. వారిని వాకిటనే మర్యాదతో సాగనంపవలెను. ఇక కాలిని తానే వంచుచు చాచుచుండు యంత్ర మొకటి కలదు. దానివలన వంపు చెప్పుకొనదగినంతగా హెచ్చదని 2014లో వెలువడిన కాక్రేను సమీక్ష తేల్చినది. కాలు తన కండరములతో తాను వంగవలెను. ఆ పనిని వేరొకటి మనకు చేసిపెట్టదు.

ఇపుడు ముఖ్యమైన సంగతికి వత్తుము. మా మోకాలు వంగుట మా ధైర్యముచేతనే జరిగినదని యనుకొనుటకు వీలులేదు. ఉదయము ఏడింటికి మా సహధర్మచారిణి చేతిగడియారముతో వచ్చి మంచముప్రక్కన కూర్చుండెడిది. మధ్యాహ్నపువేళ మా కోడలు మంచు తెచ్చెడిది. సాయంకాలము మనుమడు పది పది లెక్కపెట్టి, మేము తొమ్మిదింటితో ఆపినచో పట్టుకొనెడివాడు. ఆ మూడుమాసములును మమ్ము కూరగాయలు తెమ్మని గాని, పాలవానికి లెక్క చూడుమని గాని అడిగినవారు లేరు. మా 2 గంటలు మావే. ఇల్లంతయు మాకు వానిని పెట్టుబడిగా నిచ్చినది.

మా వీధిలోనే యొక గృహిణికి, మాకంటె రెండునెలలు వెనుకగా, అట్టి చికిత్సయే జరిగినది. ఏబదియెనిమిదేండ్ల వయసు. కుమారుడు చదువుకొన్నవాడు, సౌమ్యుడు; అప్పుచేసి మంచి శస్త్రవైద్యునిచేత చేయించెను. ఎనిమిదవవారమున ఆమె మోకాలు 75 డిగ్రీలు మించి వంగలేదు. ఆమెను పలుకరింప బోయినపుడు మేము సాధన సంగతి యడుగగా ఆమె నవ్వి యిట్లనెను:

"మీకేమండీ అన్నయ్యగారూ! వదినగారు పక్కన కూర్చుని చేయిస్తున్నారు. నేను మంచం మీద కాలు జాపుకుని ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ ఉంటే, తొమ్మిదింటికి క్యారేజీలు ఎవరు సర్దుతారు? పోనీ మధ్యాహ్నం చేద్దామంటే నిద్ర ముంచుకొస్తుంది. సాయంత్రం ఎవరో ఒకరు వస్తారు. హాల్లో మంచం, అల్లుడుగారి ముందు కాలెత్తమంటారా?"

కుమారు డచ్చటనే యుండి, "అమ్మ ఊరికే కూర్చోదండీ. రోజంతా ఇంట్లో తిరుగుతూనే ఉంటుంది. అదే పెద్ద వ్యాయామం" అనెను. అతడు కపటముతో అన్నమాట కాదు. మన యిండ్లలో నూటికి తొంబదిమంది అట్లే తలంతురు.

ఈ తలంపును కొంచెము పరిశీలింపవలెను. పొయ్యిముందర రెండుగంటలు నిలుచున్న మోకాలు ఎన్ని డిగ్రీలు వంగినది? వంగలేదు. నిలుచుటచేత రక్తమును నీరును క్రిందికి దిగి వాపు హెచ్చినది. వాపు హెచ్చుటచేత సాయంకాలమునకు వంపు తగ్గినది. వంటింటినుండి హాలులోనికి తిరుగుటకు 60 డిగ్రీలు చాలును గావున మోకాలు 60 డిగ్రీలనే యభ్యసించినది. ఇంటిపని శ్రమయే, సందేహము లేదు. మోకాలికి కావలసిన వ్యాయామ మది కాదు. శ్రమకును చికిత్సకును భేద మెరుగకపోవుటచేతనే, రోజంతయు కష్టపడిన యామెను సోమరిదానివలె "ఇంకొంచెము ప్రయత్నింపవలసినది" అని వైద్యశాలలో మందలించుటయు, ఇంట "అంత వ్యయము చేసితిమే" యని నిట్టూర్చుటయు జరుగుచున్నది. లోహమునకు లక్షలిచ్చిన యింటివారు 2 గంటలను మాత్రము ఆమె కియ్యలేకపోయిరి. ఆ రెండుగంటలు తన వని యడుగు నలవాటు ఆమెకును లేదు.

రెండునెలలు దాటినను 90 డిగ్రీలు రానపుడు, మత్తుమందిచ్చి, శస్త్రవైద్యుడే మోకాలిని వంచి అతుకులు విడిపించు పద్ధతి యొకటి కలదు. తొలి మూడుమాసములలో చేసినచో దానివలన ఫలము మెరుగుగా నుండును. ఆమెకు అట్లే చేయవలసివచ్చినది. ఆ దినమున ఫిజియోథెరపిస్టు, ఇరువది యైదేండ్లు దాటని బాలిక, కుమారుని ప్రక్కకు పిలిచి యొకే ప్రశ్న యడిగినదట: "మీ అమ్మగారి మాత్రల వేళకు ఎవరైనా ఆవిణ్ణి కాఫీ పెట్టమంటారా?" అతడు లేదనెను. "అయితే ఇదీ మాత్రల కాగితం మీదే రాసుకోండి" అని, ఉదయము 7, మధ్యాహ్నము 1, సాయంకాలము 6 అని తానే మందుల పట్టికలో నెక్కించి యిచ్చినది.

ఇంతకంటె తెలివిగల సంస్కరణమును మేమిటీవల వినలేదు. మన యిండ్లలో స్త్రీ "నాకు తీరిక కావలెను" అన్నచో అది విలాసముగా తోచును. "వ్యాయామము చేసికొందును" అన్నచో కొందరు నవ్వుదురు. "మందువేళ" యన్నచో మాత్ర మెవ్వరును అడ్డుచెప్పరు. ఆమె కుమారుడు క్యారేజీలు తానే సర్దుకొన మొదలిడెను. మంచము హాలునుండి లోపలిగదిలోనికి పోయినది. తలుపు వేసికొనుటకు వీలయినది. చీర కడ్డమని వదులైన సల్వారు కుట్టించిరి. ఆమె యొకవారము సిగ్గుపడి, పిమ్మట చీరకంటె నదియే సుఖముగా నున్నదనెను. నేడామె మోకాలు 102 డిగ్రీలు వంగుచున్నది. మొదటినుండియు ఆ పట్టిక యున్నచో నింకను హెచ్చు వంగెడిదేమో చెప్పజాలము. రెండవసారి మత్తుమందు మాత్రము తప్పియుండెడిదని మా నమ్మకము.

ఇంకొక సంగతి కలదు. మార్పించిన మోకాలితో గొంతుకూర్చుండుట వలదని శస్త్రవైద్యులు చాలమంది చెప్పుదురు. నేలపై కూర్చుండి లేచుటయు పలువురికి కష్టమే. అట్టివారు వ్రతమునకు కుర్చీ వేసికొని కూర్చుండినచో దేవునికి తక్కువచేసినట్లు గుసగుసలు పోవుట యిప్పటికిని వినుచున్నాము. పెద్దల యెదుట కోడలు కుర్చీలో కూర్చుండుట తగదను యింటిలో, మోకాలు మార్పించుకొన్న కోడలి గతి యేమి? భక్తి మోకాలి వంపులో నున్నదని యే శాస్త్రమును చెప్పినట్లు మేమెరుగము. దేవుని గదిలో నొక కుర్చీ, స్నానపుగదిలో గోడకొక పట్టుకడ్డీ, ఎత్తయిన కమోడు, పొయ్యి ప్రక్క నొక ఎత్తుపీట — ఇవి శస్త్రమునకు పూర్వమే సిద్ధపరచవలసినవి. వీనికగు వ్యయము ఆసుపత్రి పద్దుతో పోల్చినచో స్వల్పమే.

ఈ పత్రిక చదువు గృహములలో ఎవరికైన మోకాటి చికిత్స జరుగబోవుచున్నచో, మా మనవి యిది. ధనము సమకూర్చుకొనునపుడే ఆ మూడుమాసముల పనిని గూడ పంచుకొనుడు. ఉదయపు వంట యెవరిది, మధ్యాహ్నము మంచు తెచ్చునదెవరు, లెక్కపెట్టునదెవరు అని పేర్లు వ్రాసికొనుడు. ముఖ్యముగా రోగి ఆ యింటి గృహిణి యైనచో తప్పక వ్రాసికొనుడు. ఏలయన పురుషుడు రోగియైనపుడు ఈ పంపకము అడుగకయే జరుగును, ఆమె రోగియైనపుడు అడిగినను జరుగదు. పిక్కలో నొప్పియు వాపును హెచ్చినను, ఆయాసము వచ్చినను, జ్వరము తగిలినను, గాయమునుండి చీము కారినను, సాధన ఆపి ఆ గడియలోనే వైద్యుని చూడుడు. నొప్పి కొంత యుండునని ముందుగనే ఆమెకు చెప్పుడు. అది ఓటమికి గురుతు కాదనియు చెప్పుడు. వాపు కొన్నినెలలు నిలుచును. వంపు సంవత్సరమువరకును కొద్దికొద్దిగా పెరుగుచునే యుండును.

సాధన జరుగుచున్న గది తలుపును "అమ్మా, కాఫీ" యని తట్టకుడు. ఆ నలువది నిమిషములు ఎవరి కాఫీ వారు పెట్టుకొనవచ్చును.